డయాలసిస్ మధ్యలో బీపీ ఎందుకు పడిపోతుంది? గుండెకూ నీటికీ ఉన్న లెక్క

డయాలసిస్ చేయించుకునే మనిషి ఉన్న ఇంట్లో "ఈ పూట బీపీ పడిందా?" అన్న ప్రశ్న అలవాటైపోతుంది. పడిందంటే సెలైన్ ఎక్కించారని, కాళ్ళు పైకెత్తి పడుకోబెట్టారని, అరగంట ముందే మెషీన్ ఆపేశారని చెబుతారు. ఇంట్లోవాళ్ళు కూడా "కిడ్నీ జబ్బు కదా, నీరసం ఉంటుంది" అని సర్దుకుంటారు. ఎప్పుడో ఒకసారి పడితే అంత కంగారు అక్కర్లేదు. వారం వారం పడుతుంటే మాత్రం దాన్ని నీరసం కింద కొట్టేయకూడదు. డయాలసిస్ రోగుల ప్రాణాలు ఎక్కువగా పోయేది గుండె జబ్బుల వల్లే. మెషీన్ మీద పదే పదే పడే బీపీ ఆ గుండెను ఇంకా దెబ్బతీస్తుంది.

హోసూరు, కోలారు, బళ్ళారి, మదురై, బరంపురం, సోలాపూర్, యానాం, ఎక్కడున్నా మన ఇళ్ళలో డయాలసిస్ మాట వినబడుతూనే ఉంది. బీపీ ఎందుకు పడుతుంది, గుండెకు దానితో సంబంధం ఏమిటి, ఇంట్లో మనం చేయగలిగింది ఎంత, డాక్టరును అడగాల్సింది ఏమిటి అన్నవి ఇక్కడ వరుసగా చెబుతున్నాం.

168 గంటల పని 12 గంటల్లో

మంచి కిడ్నీలు రాత్రీ పగలూ పనిచేస్తాయి. వారానికి 168 గంటలు. గుండె నిమిషానికి పంపే 5 లీటర్ల రక్తంలో దాదాపు ఐదో వంతు కిడ్నీల గుండానే పోతుంది. ఒంట్లో చేరిన ఉప్పును, నీటిని అవి చుక్క చుక్కగా బయటికి పంపుతాయి కాబట్టి గుండెకు ఆ సంగతే తెలియదు.

డయాలసిస్ మెషీన్‌కు దొరికేది పూటకు 4 గంటలు. వారానికి మూడుసార్లు చేసినా 12 గంటలే. మన దేశంలో చాలామంది ఖర్చుకో దూరానికో వెరచి రెండుసార్లతోనే సరిపెట్టుకుంటున్నారు. అంటే 8 గంటలు. మూడు నాలుగు రోజులపాటు తాగిన నీరు, తిన్న కూరలో చారులో ఉన్న నీరు, ఉప్పు పట్టి ఉంచిన నీరు, అంతా ఆ 4 గంటల్లోనే తీయాలి. బీపీ పడటానికి అసలు మూలం ఈ తొందరలోనే ఉంది.

బావి, ఊట

పెద్ద మనిషి ఒంట్లో రక్తం సుమారు 5 లీటర్లు. అందులో ద్రవ భాగం 3 లీటర్లు. డయాలసిస్‌లో ఒక్క పూటలో 2 నుంచి 4 లీటర్ల వరకు నీరు తీస్తారు. మరి రక్తం ఎండిపోకుండా ఎలా నిలుస్తుంది? మెషీన్ రక్తంలోంచి నీరు తీస్తుంటే, కాళ్ళలో, కండరాల్లో, చర్మం కింద చేరి ఉన్న నీరు నెమ్మదిగా రక్తంలోకి వచ్చి ఆ లోటు పూడుస్తుంది.

ఇది బావి తోడినట్టే. ఊట ఊరేంత వేగంతో తోడితే నీటిమట్టం నిలుస్తుంది. అంతకన్నా వేగంగా తోడితే అడుగు తేలుతుంది. కాళ్ళ వాపు అలాగే ఉండగా బీపీ పడిపోవడం చాలామందిని తికమక పెడుతుంది. "నీరు ఇంకా ఉందిగా, మరి బీపీ ఎందుకు పడింది?" అని అడుగుతారు. నీరు కాళ్ళలో ఉంది, రక్తనాళాల్లోకి ఇంకా రాలేదు. ఊట కన్నా తోడటం ఎక్కువైంది.

నీరు తీస్తున్నంతసేపూ బీపీ నిలవాలంటే ఒళ్ళు మూడు పనులు చేయాలి. ఒకటి, ఒంట్లోని నీరు రక్తంలోకి ఊరాలి. రెండు, రక్తనాళాలు బిగుసుకోవాలి. మూడు, గుండె ఇంకాస్త గట్టిగా, వేగంగా కొట్టుకోవాలి. ఈ మూడింటిలో ఏది తప్పినా బీపీ జారుతుంది. డయాలసిస్ రోగుల్లో చాలామందికి మూడూ అంతో ఇంతో దెబ్బతిని ఉంటాయి.

రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ తక్కువైతే ఊట మందగిస్తుంది. సరిగా తినని వారిలో, ఎప్పుడూ ఏదో ఒక ఇన్ఫెక్షన్‌తో ఉండే వారిలో ఇది కనిపిస్తుంది. షుగరు చాలా ఏళ్ళుగా ఉన్నవారిలో నరాలు దెబ్బతిని, రక్తనాళాలు బిగుసుకోవాల్సిన సమయానికి బిగుసుకోవు, గుండె వేగమూ పెరగదు. ఇక మూడోది గుండె. దాని సంగతి కొంచెం వివరంగా చూద్దాం.

గుండె గోడ మందమైతే

కిడ్నీలు చెడిన మనిషి గుండె ఏళ్ళ తరబడి మూడు బరువులు మోస్తుంది. ఒకటి హై బీపీ, రెండోది ఒంట్లో నిలిచిన నీరు, మూడోది రక్తహీనత. బరువులు మోసే చెయ్యి కండ కట్టినట్టే గుండె ఎడమ గది గోడ కూడా మందమవుతుంది. డయాలసిస్ మొదలుపెట్టే నాటికే నలుగురిలో ముగ్గురికి ఈ మార్పు వచ్చి ఉంటుందని 1995లో కెనడా పరిశోధకులు చూపించారు.

చేతికి కండ పడితే బలం. గుండె గోడ మందమైతే మాత్రం అది బిరుసెక్కుతుంది. కొట్టుకోవడం బాగానే ఉంటుంది, వదులై రక్తం నింపుకోవడమే కష్టమవుతుంది. అందుకే ఎకో రిపోర్టులో పంపింగ్ 60 శాతం అని ఉండి కూడా, "గుండె బాగుంది" అనిపించి కూడా, మెషీన్ మీద బీపీ పడిపోతుంటుంది. బిరుసెక్కిన గుండెకు నిండుగా రక్తం వస్తేనే నిండుగా పంపగలదు. వచ్చే రక్తం కాస్త తగ్గినా పంపేది చాలా తగ్గిపోతుంది. నీరు ఎక్కువైతే అదే గుండె వెనక ఊపిరితిత్తుల్లో ఒత్తిడి పెరిగి ఆయాసం వస్తుంది. ఇలాంటి మనిషికి ఎక్కువా పనికిరాదు, తక్కువా పనికిరాదు. సరైన బరువు అనేది చాలా సన్నని గీత.

పంపింగే తగ్గిపోయిన గుండె సంగతి వేరు. మామూలుగా 55 శాతం పైన ఉండాల్సింది 30, 35కు దిగితే, కొంచెం నీరు తీసినా బీపీ నిలవదు. అలాంటివారికి నెఫ్రాలజిస్టుతో పాటు గుండె డాక్టరు కూడా చూడటం తప్పనిసరి.

బరంపురం, గంజాం వైపు మన వాళ్ళకు ఇంకో మాట చెప్పాలి. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి వైపు చుట్టాలున్న కుటుంబాలు ఉద్దానం కిడ్నీ జబ్బును దగ్గరగా చూసే ఉంటాయి. ఆ జబ్బు షుగరు, బీపీ లేనివారికి కూడా వస్తోంది, పొలంలో కష్టం చేసే వయసువారికి వస్తోంది. మొదటి నుంచీ బీపీ లేదు కాబట్టి గుండెకు ఢోకా లేదని అనుకోకూడదు. డయాలసిస్ దాకా వచ్చాక నీరు, రక్తహీనత వారి గుండె మీద కూడా పనిచేస్తాయి.

బీపీ పడిన ప్రతిసారీ గుండెకు ఏమవుతుంది

పై బీపీ 20 పాయింట్లు దిగి, దానితో పాటు తలతిరుగుడు, వాంతి, కాళ్ళు పట్టేయడం లాంటివి వస్తే దాన్ని డయాలసిస్‌లో బీపీ పడటం అంటారు. 150 నుంచి 130కి దిగి ఒళ్ళు తూలినా అది లెక్కలోకే వస్తుంది. పై బీపీ 90 కన్నా దిగడం ఇంకా ప్రమాదం.

గుండెకు రక్తం అందించే నాళాల్లో అడ్డు లేకపోయినా, బీపీ పడినప్పుడు గుండె కండరంలో కొన్ని చోట్లకు రక్తం చాలదు. ఆ భాగాలు కాసేపు కదలడం మానేస్తాయి, మొద్దుబారినట్టు. ఇంగ్లండ్‌లో క్రిస్ మెకింటైర్ బృందం డయాలసిస్ జరుగుతుండగానే ఎకో తీసి ఈ సంగతిని బయటపెట్టింది. 2009లో వారు చూసిన రోగుల్లో దాదాపు మూడింట రెండు వంతుల మందిలో ఇది కనిపించింది. ఎక్కువ నీరు తీసినవారిలో, బీపీ ఎక్కువ పడినవారిలో ఇది ఎక్కువ. మొదట్లో ఆ భాగాలు మళ్ళీ కోలుకుంటాయి. ఏడాది పాటు వారానికి మూడుసార్లు ఇదే జరిగితే కొన్ని కోలుకోవు. పంపింగ్ తగ్గుతుంది. తగ్గిన గుండెకు బీపీ ఇంకా తేలిగ్గా పడుతుంది.

నష్టం గుండెతో ఆగదు. మెదడుకు, పేగులకు రక్తం తగ్గుతుంది. ఇంకా కాస్తో కూస్తో మూత్రం వస్తున్నవారికి ఆ మిగిలిన మూత్రం కూడా ఎండిపోతుంది. చేతిలో ఫిస్టులా గడ్డకట్టి మూసుకుపోవచ్చు.

సెలైన్ తిరిగే చక్రం

బీపీ పడగానే టెక్నీషియన్ నీరు తీయడం ఆపి, కాళ్ళు ఎత్తి, 100 నుంచి 200 మిల్లీలీటర్ల సెలైన్ ఇస్తారు. ఆ క్షణానికి అదే సరైన పని. ప్రాణం కుదుటపడుతుంది. కానీ 200 మిల్లీలీటర్ల సెలైన్‌లో 1.8 గ్రాముల ఉప్పు ఉంది. ఆపేసిన సమయంలో తీయాల్సిన నీరు ఒంట్లోనే ఉండిపోయింది. మనిషి కిలో, కిలోన్నర ఎక్కువ బరువుతో ఇంటికి వస్తాడు. రాత్రి దాహం. మళ్ళీ వెళ్ళేసరికి తీయాల్సిన నీరు పెరిగింది. ఇంకా వేగంగా తీయాలి. మళ్ళీ బీపీ పడుతుంది.

మెషీన్‌లో సోడియం పెంచినా ఇదే కథ. ఆ పూట బీపీ నిలుస్తుంది, ఇంటికొచ్చాక గొంతు ఆరిపోతుంది. ఈ చక్రాన్ని ఆస్పత్రి ఒక్కటే ఆపలేదు. సగం పగ్గం మన వంటింట్లో ఉంది.

ఇంట్లో వేసుకోదగ్గ లెక్క

గంటకు, కిలో బరువుకు 13 మిల్లీలీటర్లకు మించి నీరు తీసినవారిలో మరణాలు ఎక్కువగా ఉన్నాయని 2011లో వచ్చిన ఒక పెద్ద పరిశీలనలో తేలింది. అప్పటి నుంచి డాక్టర్లు ఈ 13ను ఒక గుర్తుగా పెట్టుకున్నారు. లెక్క తేలిక. బరువును 13తో, వచ్చినదాన్ని గంటలతో గుణించాలి.

50 కిలోల మనిషికి 4 గంటల్లో 2,600 మిల్లీలీటర్లు, అంటే సుమారు 2.6 కిలోలు.
60 కిలోల మనిషికి 4 గంటల్లో 3.1 కిలోలు.
అదే 50 కిలోల మనిషి 3 గంటలకే లేచి వచ్చేస్తే 1.95 కిలోలు.

మూడో లెక్క గమనించండి. "బస్సు దొరకదు, ఒక గంట ముందు వదిలేయండి" అని బతిమాలి వచ్చేవారు చాలామంది. మూడు కిలోల నీరు ఎక్కి ఉన్న 50 కిలోల మనిషికి 3 గంటల్లో అంతా తీస్తే గంటకు కిలోకు 20 మిల్లీలీటర్లు పడుతుంది. గంట కలిసొచ్చిందని సంతోషిస్తాం, ఆ గంట బరువు గుండె మోస్తుంది. వీలైతే గంటలు తగ్గించకండి, నీరు ఎక్కువ ఎక్కిన రోజు అరగంట పెంచమని మీరే అడగండి.

13 లోపు ఉంటే ఏ ప్రమాదమూ లేదని కాదు. గుండె బలహీనంగా ఉన్నవారికి 8, 10 దగ్గరే బీపీ పడవచ్చు. పూటకూ పూటకూ మధ్య పెరిగే బరువు డ్రై వెయిట్‌లో నాలుగు శాతం దాటకుండా చూసుకోవడం మంచిది. 50 కిలోల మనిషికి అది 2 కిలోలు.

రెండు రోజుల పెద్ద విరామం తర్వాతి రోజు ఇంకా జాగ్రత్త కావాలి. శనివారం చేయించుకుని మంగళవారం వెళ్ళేవారికి సోమ, మంగళవారాలు గడ్డు రోజులు. ఆ విరామం తర్వాత మరణాలు, గుండె సమస్యలు ఎక్కువని 2011లోనే అమెరికా రోగుల లెక్కల్లో కనబడింది. ఆదివారం పెళ్ళి భోజనం చేసేవారు ఇది మనసులో పెట్టుకోవాలి.

డ్రై వెయిట్ రాతిమీద రాత కాదు

ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువునే డ్రై వెయిట్ అంటారు. అది మారుతూ ఉంటుంది. ఆకలి పుట్టి నాలుగు నెలలు బాగా తింటే కండ పడుతుంది. అప్పుడు పాత బరువుకే దించితే లేని నీటిని తీసినట్టవుతుంది, బీపీ పడుతుంది. జ్వరమొచ్చి సన్నబడితే దీనికి తలకిందులు. కాటా మీద అంకె మారకపోయినా కండ పోయి ఆ చోట నీరు చేరి ఉంటుంది. రాత్రి పడుకుంటే ఆయాసం వస్తుంది. తిండి మారినా, ఆస్పత్రిలో పడుకుని వచ్చినా, "డ్రై వెయిట్ మళ్ళీ చూస్తారా డాక్టరు గారూ?" అని అడగాలి.

నీటికన్నా ముందు ఉప్పు

"నీళ్ళు తాగొద్దు" అని రోగిని ఇంటిల్లిపాదీ కాపలా కాస్తారు. అదే మనిషి కంచంలో ఆవకాయ ముక్క వేస్తారు. ఒంట్లో 8 గ్రాముల చిల్లర ఉప్పు చేరితే అది ఒక లీటరు నీటిని పట్టి ఉంచుతుంది. ఉప్పు తిన్న మనిషిని దాహం ఊరుకోనివ్వదు. రోజుకు మొత్తం ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా, దాటకూడదు. కూర, పచ్చడి, టిఫిన్ అన్నీ అందులోనే.

ఏ ఊరి తెలుగు ఇల్లయినా ఉప్పు దాక్కునే చోట్లు ఉంటాయి. ఆవకాయ, గోంగూర, చింతకాయ తొక్కు, అప్పడం, వడియం, ఊరమిరపకాయలు. తమిళనాడులో కరువాడు, వత్తళ్ళు. యానాంలో, గంజాంలో ఎండుచేపలు. సోలాపూర్‌లో శేంగా చట్నీ. బేకరీ బ్రెడ్డు, బిస్కట్లు, మిక్చరు, ఇన్‌స్టంట్ నూడుల్స్ అన్ని చోట్లా ఉన్నాయి. రోగికి విడిగా చప్పిడి వంట అంటే ఆ మనిషికి మనసు చిన్నబోతుంది. ఇంటందరికీ కూరలో ఉప్పు తగ్గించి, కావలసినవారు పైన వేసుకోవడం మేలు. నిమ్మరసం, మిరియాలు, అల్లం, వెల్లుల్లి, ఇంగువ, పోపు ఉప్పు లోటును కొంత తీరుస్తాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక. సోడియం తక్కువ అని అమ్మే ఉప్పులో పొటాషియం ఉంటుంది. డయాలసిస్ రోగికి అది ప్రాణాంతకం కావచ్చు, గుండె ఆగిపోవచ్చు. ఆ ప్యాకెట్టు జోలికి పోవద్దు. కొబ్బరినీళ్ళు, పండ్ల రసాలు కూడా పొటాషియం కారణంగానే డాక్టరును అడగకుండా ఇవ్వకూడదు.

నీటి కొలత సాధారణంగా రోజుకు వచ్చే మూత్రం, దానిపైన అర లీటరు. చారు, మజ్జిగ, అంబలి, కాఫీ, పుచ్చకాయ కూడా నీటి లెక్కే. పొద్దున్నే ఒక సీసాలో రోజుకు సరిపడా నీళ్ళు కొలిచి పెట్టి, మాత్రలు కూడా అందులోంచే వేసుకుంటే లెక్క తప్పదు. చిన్న గ్లాసు, ఒక ఐసు ముక్క, నోరు పుక్కిలించడం దాహాన్ని కాస్త మరిపిస్తాయి. షుగరు అదుపులో లేకపోతే ఏం చేసినా దాహం తగ్గదు.

మాత్రలు, తిండి, మెషీన్ చల్లదనం

బీపీ మాత్ర డయాలసిస్‌కు ముందు వేసుకోవాలా, తర్వాతా? అందరికీ ఒకటే జవాబు లేదు. కొన్ని మాత్రలు డయాలసిస్‌లో రక్తం నుంచి కొట్టుకుపోతాయి, కొన్ని పోవు. కొన్ని గుండె లయను కాపాడటానికి ఇచ్చినవి. ఒక్కసారి బీపీ పడిందని మాత్ర మీ అంతట మీరు మానకండి. మాత్రలన్నీ సంచిలో వేసుకెళ్ళి, డయాలసిస్ రోజున ఏది ఎప్పుడు వేసుకోవాలో కాగితం మీద రాయించుకోండి.

మెషీన్ మీద ఉండగా కడుపునిండా తింటే రక్తం పేగుల వైపు మళ్ళి బీపీ పడుతుంది. బీపీ పడే అలవాటున్నవారు రెండు గంటల ముందే తినడం మంచిది. పస్తు ఉండి వెళ్ళడమూ మంచిది కాదు, షుగరు పడిపోతుంది. ప్రోటీన్ తగ్గకుండా గుడ్డులో తెల్లసొన, చేప డాక్టరు చెప్పిన కొలతలో పెట్టండి.

మెషీన్ ద్రావణం వేడిని అర డిగ్రీ, ఒక డిగ్రీ తగ్గిస్తే రక్తనాళాలు బిగుసుకుని బీపీ నిలవడానికి సాయపడుతుంది. బీపీ తరచూ పడేవారు ఈ మాట అడగవచ్చు, కాస్త చలిగా ఉంటుంది, దుప్పటి తీసుకెళ్ళాలి. అయితే ఇది అందరికీ సంజీవని కాదు. కెనడాలోని ఒంటారియోలో 84 కేంద్రాల్లో 15,000 మందికి పైగా రోగుల మీద జరిగి 2022లో వెలువడిన పరిశీలనలో, అందరికీ చల్లబరిచినంత మాత్రాన గుండె మరణాలు తగ్గలేదని తేలింది. నెమ్మదిగా, ఎక్కువసేపు తీయడానికి బదులు ఇది కాదు.

వారానికి ఆరుసార్లు డయాలసిస్ చేసినవారిలో గుండె గోడ మందం తగ్గిందని 2010లో అమెరికా, కెనడా పరిశోధనలో తేలింది. అంతగా మనకు వీలుపడదు. కానీ రెండుసార్ల నుంచి మూడుసార్లకు మారగలిగితే గుండెకు అదే పెద్ద ఊరట. గుండె మరీ బలహీనంగా ఉంటే, ఇంట్లోనే రోజూ పొట్ట ద్వారా చేసుకునే పెరిటోనియల్ డయాలసిస్ కుదురుతుందా అని అడగండి. అందులో నీరు నెమ్మదిగా తీస్తారు. కిడ్నీ మార్పిడి కుదిరినవారిలో గుండె పనితీరు మెరుగుపడటం చాలాసార్లు చూస్తాం. అందుకే ఎకోలో పంపింగ్ తక్కువ రాగానే మార్పిడి ఆశ వదులుకోకుండా డాక్టరుతో మాట్లాడాలి.

నోటికి వచ్చిన భాషలో కాదు, వినేవారికి తెలిసే భాషలో

బీపీ పూర్తిగా పడకముందే ఒళ్ళు చెబుతుంది. ఆవలింతలు, చెమట, కళ్ళు మసకబారడం, కడుపులో తిప్పడం, పిక్క పట్టేయడం, మాట నీరసించడం. ఆ నిమిషంలోనే చెబితే నీరు తీసే వేగం తగ్గిస్తారు, సెలైన్ దాకా రాకపోవచ్చు. మన పెద్దవాళ్ళు తరతరాలుగా ఇక్కడే ఉన్నా, ఒంట్లో బాగాలేనప్పుడు "కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి" అనే అంటారు. టెక్నీషియన్‌కు తెలుగు రాకపోతే ఆ మాట గాలికి పోతుంది. "తల తిరుగుతోంది" అన్న ఒక్క మాటైనా ఊరి భాషలో నాలుక మీద ఉండాలి. కన్నడంలో "తలె తిరుగుతిదె", తమిళంలో "తలై సుత్తుదు", మరాఠీలో "చక్కర్ యేతేయ్", ఒడియాలో "ముండ బులాఉఛి". మాట పెగలకపోతే చెయ్యి ఎత్తడం గుర్తుగా ముందే చెప్పి పెట్టుకోండి. ఓర్చుకుంటే గొప్ప అనుకోవద్దు.

చిన్న పుస్తకం, కొన్ని ప్రశ్నలు

ఒక చిన్న పుస్తకంలో ప్రతి పూటా ఇవి రాయండి: వెళ్ళేటప్పటి బరువు, వచ్చేటప్పటి బరువు, ముందు బీపీ, మధ్యలో అన్నిటికన్నా తక్కువ బీపీ, చివరి బీపీ, ఎన్ని గంటలు, సెలైన్ ఇచ్చారా. డయాలసిస్ లేని రోజుల్లో ఇంట్లో పొద్దున, రాత్రి చూసిన బీపీ కూడా రాయండి. ఫిస్టులా ఉన్న చేతికి బీపీ పట్టీ చుట్టకూడదు. నెలకోసారి ఆ పుస్తకం డాక్టరు ముందు పెట్టి అడగండి:

ఎకో ఎప్పుడు తీశారు? డయాలసిస్ మొదలైన ఒకటి నుంచి మూడు నెలల్లో, డ్రై వెయిట్ కుదిరాక ఒకటి, ఆ తర్వాత మూడేళ్ళకోసారి తీయాలని 2005 నాటి అమెరికా మార్గదర్శకాలు చెబుతున్నాయి. బీపీ కొత్తగా పడటం మొదలైతే అంతదాకా ఆగక్కర్లేదు. డయాలసిస్ లేని రోజున, నీరు ఎక్కువ లేనప్పుడు తీస్తే గుండె అసలు రూపం తెలుస్తుంది.
హిమోగ్లోబిన్ ఎంత? 10 కన్నా బాగా తగ్గితే గుండె మీద భారం.
ఫిస్టులాలో రక్తం మరీ ఎక్కువగా పారుతోందా? అది కూడా గుండెను అలసటకు గురిచేస్తుంది.
నాకు గంటకు ఎంత నీరు తీస్తున్నారు?

ఖర్చు సంగతి

2016లో మొదలైన ప్రధానమంత్రి జాతీయ డయాలసిస్ కార్యక్రమం కింద జిల్లా ఆస్పత్రుల్లో పేదలకు ఉచితంగా డయాలసిస్ చేస్తారు. రేషన్ కార్డు ఏ రాష్ట్రానిదైతే ఆ రాష్ట్ర ఆరోగ్య పథకం మనకు వర్తిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను ఉంది, 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆస్పత్రి తెరిచారు. సరిహద్దుకు ఇవతల కార్డున్నవారికి ఆ పింఛను రాదు. అందుకని ఇక్కడి జిల్లా ఆస్పత్రిలోనే పేరు రాయించుకుని, వారానికి మూడో పూట దొరుకుతుందేమో పట్టుబట్టి అడగాలి.

ఆగకూడని వేళ

ఎప్పుడూ నిలిచే బీపీ ఉన్నట్టుండి రెండు మూడు పూటలు వరుసగా పడితే వెంటనే చూపించాలి. గుండెకు రక్తం తగ్గడం, గుండె చుట్టూ నీరు చేరడం, ఇన్ఫెక్షన్, లోపల రక్తం కారడం, వీటిలో ఏదైనా కావచ్చు. ఛాతీలో బరువు, ఎడమ చెయ్యి లాగడం, పడుకోలేనంత ఆయాసం, స్పృహ తప్పడం, చలిజ్వరం ఉంటే తర్వాతి డయాలసిస్ దాకా ఆగవద్దు. షుగరు ఉన్నవారికి గుండెపోటు నొప్పి లేకుండా, ఆయాసంగానో చెమటగానో వస్తుంది.

ఇందులో చెప్పినవి డాక్టరుతో మాట్లాడటానికి ఆసరా మాత్రమే. మీ ఇంటి మనిషికి ఎంత నీరు, ఎన్ని గంటలు, ఏ మాత్ర అన్నది చూసే డాక్టరే చెప్పాలి. అడిగే హక్కు మాత్రం మనది. రేపటి పూటకు వెళ్ళే ముందు పుస్తకంలో మొదటి పేజీ రాయడంతో మొదలుపెట్టండి.